మూడో గొట్టంలో వంపు

కారుకు సైలెన్సర్ మార్పించుకునేవాళ్ళు వేరు, హెడర్ మార్పించుకునేవాళ్ళు వేరు. మొదటి రకానికి చప్పుడు తగ్గితే చాలు, హమ్మయ్య అనుకుని వెళ్ళిపోతారు. రెండో రకానిది కడుపు నిండాక పుట్టే ఆకలి. ఇంజన్‌తోపాటు కంపెనీ ఇచ్చిన పోత ఇనుప గొట్టం ఒకటి ఉంటుంది, అది లక్షణంగా పొగను బయటికి పంపుతూనే ఉంటుంది. వీళ్ళకది చాలదు. దాన్ని ఊడబీకి, నాలుగు సిలిండర్ల నుంచి నాలుగు గొట్టాలు విడివిడిగా దిగివచ్చి కింద ఒక్కటిగా కలిసే సరుకు తెచ్చి బిగించుకుంటారు. దాని పేరే హెడర్. ఒక సిలిండర్ పొగ ఇంకోదాన్ని తోసుకోకుండా వరసలో బయటపడుతుంది కాబట్టి ఇంజన్‌కు ఊపిరి బాగా ఆడుతుంది. ఆ ఊపిరి కోసం వీళ్ళు పడే ఆయాసం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

వంపుల మేస్త్రికి మాత్రం రాదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అతను చేస్తున్న పని ఆ గొట్టాలు వంచడమే. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంది, ఇంకెక్కడా లేదు. కింద వర్క్‌షాపు, పైన రెండు గదుల ఇల్లు, ఆ ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుని కార్లకు సీటు కవర్లు కుట్టే భార్య. మనిషి ముక్కుసూటి, నోరు కాస్త దురుసు, పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు.

అతని మాటకు ఆ వీధిలో అంత విలువ ఎందుకంటే, ఏ గొట్టాన్నీ కంటితో చూసి బాగుందనడు. జేబులో ఒక గాజు గోలీ ఉంటుంది. గొట్టాన్ని ఏటవాలుగా పట్టుకుని ఒక చివర గోలీ వదిలి, రెండో చివర చెవి పెట్టి వింటాడు. లోపల వెల్డింగ్ కారి గడ్డకట్టి ఉంటే గోలీ ఆగుతుంది. వంపు దగ్గర గొట్టం నలిగి ఉంటే తడబడుతుంది. పైకి అద్దంలా మెరిసే సరుకు చాలాసార్లు ఆ గోలీ ముందు పరువు పోగొట్టుకుంది.

ఆ రోజు పొద్దున తొమ్మిదికల్లా పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. ఆమెది పాత స్పోర్ట్స్ కారు, ఎర్రటిది, రెండే సీట్లు. అందులోకి ఎక్కాలంటే దాదాపు రోడ్డు మీద చతికిలబడాలి. దాని పోత ఇనుప గొట్టం చిట్లిపోయి నెలరోజులుగా గురక పెడుతోంది. డాక్టరమ్మ పక్క సీట్లోంచి రెండు అట్టపెట్టెలు, డిక్కీలోంచి ఒకటి దించి బల్ల మీద పెట్టింది.

“మేస్త్రి గారూ, మూడు రకాలు తెప్పించాను. నచ్చని రెండూ వారంలో వెనక్కి పంపేయొచ్చట. ఏది ఉంచుకోవాలో మీరే చెప్పాలి. పళ్ళయితే నేను చూసి చెప్పేదాన్ని.”

“రెండూ ఒకటేనండీ. పైకి తెల్లగా ఉన్నాయా అని కాదు, లోపల పుచ్చిందా లేదా అన్నదే చూడాలి.”

“అయితే వీటిని నా కుర్చీలోనే పడుకోబెట్టాల్సింది.”

“మీ కుర్చీలో పడుకుంటే గొట్టం కూడా నోరు తెరిచి భయపడుతుందండీ” అన్నాడు మేస్త్రి. డాక్టరమ్మ నవ్వింది. “ఇంతకీ కారు ఎక్కడ తిప్పుతారు?”

“ఐదు రోజులు క్లినిక్కుకి. ఆదివారం పొద్దున్నే కొండ రోడ్డుకి.”

“అక్కడ కాస్త తొక్కుతారు.”

“కాస్తే” అంది డాక్టరమ్మ, అబద్ధం చెప్పే పేషెంటులా పక్కకు చూస్తూ.

మేస్త్రి మొదటి పెట్టె విప్పాడు. మణికట్టంత లావు గొట్టాలు, నాలుగూ వచ్చి ఒకేచోట పడుతున్నాయి. గోలీ వేశాడు. జర్రున జారి బయటికొచ్చింది. “పని బాగుంది. కానీ ఇది రేసులవాళ్ళ సరుకు. ఇంజన్ గొంతు చించుకుని అరుస్తున్నప్పుడే దీనికి బలం వస్తుంది. ఊళ్ళో సిగ్నల్ దగ్గర మొండికేసి కూర్చుంటుంది. మీకు పనికిరాదు.”

రెండోది నిగనిగలాడుతోంది. గోలీ వేస్తే మొదటి గొట్టంలోనే ఆగిపోయింది. ఊపితే గలగలమంది, బయటికి మాత్రం రాలేదు. “పైన పటారం, లోన లొటారం” అన్నాడు మేస్త్రి, గొట్టాన్ని తలకిందులు చేసి గోలీని దులుపుకుంటూ. “ఇది వెనక్కి పంపేటప్పుడు నాలుగు మాటలు కూడా పంపండి.”

మూడో పెట్టె విప్పేసరికి అతని మొహంలో వెలుగు వచ్చింది. రేకు మందం సరిపోయింది. గొట్టాలు లావూ కాదు, సన్నమూ కాదు. ముందు రెండేసి కలిసి, ఆ రెండూ మళ్ళీ ఒక్కటవుతున్నాయి. ఊళ్ళో తిరగడానికీ కొండెక్కడానికీ ఇలాంటిదే కావాలి. మొదటి గొట్టంలో గోలీ సాఫీగా జారింది. రెండోదీ అంతే. “చేసినవాడెవడో చేయి తిరిగినవాడండీ” అంటూ మూడో గొట్టంలో వేసి చెవి పెట్టాడు.

టక్. చిన్న ఎడం. మళ్ళీ టక్.

గోలీ బయటికొచ్చి బల్ల మీద దొర్లి కిందపడింది, మేస్త్రి దాన్ని తీయలేదు. డాక్టరమ్మ వంగి తీసిచ్చింది. మళ్ళీ వేశాడు. అదే టక్, అదే ఎడం, అదే టక్. ఆ చప్పుడు అతనికి కొత్త కాదు. లోకంలో ఆ చప్పుడు చేసే గొట్టం ఒక్కటే ఉండాలి, అది ఇదే వర్క్‌షాపులో వెనక మూల, గుడ్డ కప్పి ఉన్న అతని సొంత కారుకు బిగించి ఉంది.

ఆ కారూ ఇదే మోడల్. మూడేళ్ళ కిందట తుప్పు పట్టిన డొక్కుగా తెచ్చి, ప్రతి ఆదివారం కూర్చుని దాన్ని మనిషిని చేశారు మేస్త్రీ, అతని బావమరిదీ. బావమరిదిని ఇంట్లో అందరూ చిన్నోడు అంటారు. ఇప్పుడు ముప్ఫై నాలుగేళ్ళు, అయినా చిన్నోడే. తల్లీతండ్రీ పోతే పన్నెండేళ్ళప్పుడు అక్క వెంట ఈ ఇంటికి వచ్చాడు. మేస్త్రికి పిల్లల్లేరు. ఆ లోటు చిన్నోడు ఎప్పుడూ తెలియనివ్వలేదు. పెద్దయ్యాక వర్క్‌షాపు ముందుభాగంలో టైర్లు, హారన్ల దుకాణం చూసుకునేవాడు. ఆరునెలల కిందట పెద్ద కంపెనీలో సేల్స్ ఉద్యోగం వచ్చిందని వెళ్ళాడు. మేస్త్రి వీధిలో అందరికీ స్వీట్లు పంచాడు.

ఆ కారుకు హెడర్ కట్టిన ఆదివారం సంగతి చెప్పాలి. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ని ఇంజన్‌కు పట్టి ఉంచే ఇనుప బ్రాకెట్ ఒకటి ఉంటుంది. చిన్నోడు దాన్ని తలకిందులుగా బిగించాడు. చెవిలా పొడుచుకొచ్చిన దాని కొస సరిగ్గా మూడో గొట్టం దారిలోకి వచ్చింది. కారు పుట్టుకే అంత కాబోలు అనుకుని, మేస్త్రి ఆ గొట్టాన్ని అక్కడ ఓసారి పక్కకు వంచి, మళ్ళీ దారిలోకి వంచాడు. వారం తర్వాత తెలిసింది అసలు సంగతి. బావా బావమరదులిద్దరూ నేల మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. “పప్పులో కాలేసింది నువ్వు, వంకర పోయింది నా గొట్టం!” అని మేస్త్రి వాడి నెత్తిన ఒకటి మొట్టాడు. సరిచేద్దామంటే మనసొప్పలేదు. ఉండనీ అన్నాడు. ఆ హెడర్ కొలతలతో ఒక ఇనుప చట్రం కూడా చేసి పెట్టుకున్నాడు, ముందుముందు ఇంకోటి కట్టాలంటే గొట్టాలు అందులో కూర్చోబెట్టి అతికించడానికి. రెండోది కట్టేనాటికి వంపు తీసేయాలనుకున్నాడు. రెండోది కట్టనే లేదు. ఆ కొలతల కోసం ఇంకో ఊరి నుంచి కూడా మనుషులు వచ్చారు. ఫోటో కూడా తీయనివ్వలేదు.

“ఏంటి మేస్త్రి గారూ, ఇది కూడా పుచ్చిందా?” అంది డాక్టరమ్మ. “వాళ్ళ కాగితంలో ఆ మూడో గొట్టం గురించే గొప్పగా రాశారే.”

ఆమె ఇచ్చిన రంగుల కాగితం మేస్త్రి కళ్ళకు దూరంగా పట్టుకుని చదివాడు. ‘మూడో గొట్టంలో మా ప్రత్యేకమైన సింహనాదపు వంపు. మూడేళ్ళ పరిశోధన ఫలితం.’ కింద ఫోటో. నీలం కోటు వేసుకుని, చేతులు కట్టుకుని, గడ్డం కాస్త పైకెత్తి నిలబడ్డాడు చిన్నోడు. ఫోటో కింద ‘రూపకర్త’ అని ఉంది.

“సాయంత్రం దాకా నా దగ్గరుంచండి. వచ్చేసరికి తేల్చి చెబుతాను” అన్నాడు మేస్త్రి. డాక్టరమ్మకు క్లినిక్కు టైమయింది, సరేనని వెళ్ళిపోయింది.

మనసు చిత్రమైనది. కళ్ళతో చూశాక కూడా ఇంకో దారి వెతుక్కుంటుంది. వేరే ఎవరికైనా ఇలాంటి వంపు తట్టి ఉండొచ్చు కదా, ఫోటోలోవాడు చిన్నోడి పోలికలున్న ఇంకెవడో కావచ్చు కదా అనుకున్నాడు మేస్త్రి. వెనకగది తాళం తీసి చట్రం బయటికి తెచ్చాడు. డాక్టరమ్మ హెడర్ని దాని మీద పెట్టాడు. ఎక్కడా తోయనక్కర్లేదు, లాగనక్కర్లేదు, పదహారు బోల్టులూ వాటంతట అవే రంధ్రాల్లో దిగాయి. చిన్నోడు మక్కికి మక్కి దింపేశాడు. తప్పుతో సహా దింపాడు. చట్రం ఒక మూల నీలం పెయింటు మరక ఉంది. ఈ వర్క్‌షాపులో నీలం పెయింటు ఎన్నడూ వాడలేదు, అంటే చట్రం ఎక్కడికో వెళ్ళివచ్చింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, వెనకగది తాళం పగల్లేదు. దానికి తాళంచెవులు రెండే. ఒకటి మేస్త్రి మొలతాడుకు ఉంటుంది. రెండోది పైన, కుట్టుమిషను సొరుగులో.

మేస్త్రి మెట్లెక్కేసరికి భార్య నల్ల రెక్సిన్ గుడ్డకు అంచు కుడుతోంది. పాదం ఆడుతోంది, సూది గబగబా పోతోంది.

“వెనకగది తాళంచెవి చిన్నోడికి ఎప్పుడిచ్చావు?” అన్నాడు.

ఇచ్చావా అని అడగలేదు. అలా అడిగి ఉంటే ఆమె ఏమనేదో తెలియదు. పాదం ఆగింది, సూది గుడ్డలో సగం దిగి ఉండిపోయింది.

“మీ కళ్ళు బాగోలేనప్పుడు” అంది, తల ఎత్తకుండా.

ఎనిమిది నెలల కిందట వెల్డింగ్ మెరుపు తగిలి మేస్త్రి రెండు కళ్ళూ వాచిపోయాయి. వారం రోజులు పట్టీ కట్టి పడుకోబెట్టారు. ఆ వారమంతా పక్కన కూర్చున్నది చిన్నోడే. రోజుకు నాలుగుసార్లు పట్టీ తీసి, కంట్లో చుక్కలు వేసి, మళ్ళీ కట్టేవాడు. చేయి పట్టుకుని బాత్రూముకు తీసుకెళ్ళేవాడు. కొడుకున్నా ఇంత చేయడని మేస్త్రి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఇప్పటికీ చెప్పుకుంటున్నాడు, మొన్న కూడా టీ కొట్టు దగ్గర చెప్పాడు.

“మొదటిరోజు పొద్దున మీకు చుక్కలేసి, ఆ చట్రాన్ని ఆటోలో పెట్టుకుని వెళ్ళాడు” అంది భార్య. “మధ్యాహ్నం చుక్కల టైముకి వచ్చేశాడు. నాలుగు రోజుల్లో చట్రం తిరిగి తెచ్చి పెట్టేశాడు.”

కళ్ళకు గంతలు కట్టడం అని మాటవరసకు అంటారు. ఇక్కడ నిజంగానే కట్టారు. కట్టిన చేతులే అటు వెళ్ళి చట్రం మోసుకుపోయాయి. మేస్త్రికి ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. టీ కొట్టు దగ్గర తను చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

“నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?”

“చెబితే ఇవ్వనిచ్చేవారా? ఫోటో తీసుకుంటామంటేనే మనుషుల్ని తరిమేశారు.”

“వాళ్ళు బయటివాళ్ళే. చిన్నోడు బయటివాడా?”

“వాడెన్నాళ్ళని మీ నీడన హారన్లు అమ్ముకుంటూ కూర్చుంటాడండీ? ఎక్కడికెళ్ళినా వంపుల మేస్త్రి బావమరిది అనే తప్ప వాడికో పేరుందా? వాడూ ఒక మనిషి అనిపించుకోవద్దా?” ఆమె గుడ్డను పక్కకు తోసింది. “నా తమ్ముడండీ వాడు.”

“నాకేమవుతాడు మరి?” అన్నాడు మేస్త్రి. “అడిగి ఉంటే ఇచ్చేవాడినే.”

“ఇప్పుడంటున్నారు గానీ—”

“అడిగి చూశారా? ఇద్దరిలో ఒక్కరైనా అడిగి చూశారా?”

అదే అతన్ని తొలిచేసింది. నిజంగానే ఇచ్చేవాడు. ఇంకో ఏడాదికి చేయి వణకడం మొదలైతే ఆ చట్రం, కొలతలన్నీ రాసుకున్న పుస్తకం ఎవరికివ్వాలనుకున్నాడు? ఇంకెవరున్నారు? వాడి చేతికే వెళ్ళాల్సిన దాన్ని వాడే దొంగిలించాడు. వీళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని, ఇతను ఇవ్వడని ముందే తేల్చేసి, ఇతని మొహాన ఒక పిసినారి మొహం అతికించి, ఆ మొహానికి భయపడ్డారు. ఇరవై రెండేళ్ళు ఒకే కంచంలో తిన్నట్టు బతికి తన గురించి తెలుసుకున్నది ఇదా అనుకున్నాడు. ఆ మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే పైకి వెళ్ళలేదు.

భార్య ఫోన్ చేసి చెప్పి ఉంటుంది, నాలుగింటికి చిన్నోడు దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. మొహం మాత్రం తేలు కుట్టిన దొంగలా ఉంది. వచ్చి బల్లకు అవతల నిలబడ్డాడు. బల్ల మీద రెండు హెడర్లున్నాయి. మేస్త్రి తన కారుకున్నది కూడా విప్పి పక్కన పెట్టాడు.

“ఏరా” అన్నాడు మేస్త్రి.

అంతే అన్నాడు. ఇంకేమీ అనదలుచుకోలేదు. వాడు నోరు విప్పి ఒక్క మాట, తప్పయింది బావా అని ఒక్క మాట అంటే చాలనుకున్నాడు. నిజం చెప్పాలంటే, వాడలా అంటే ఏం చేయాలో కూడా పొద్దున్నుంచీ ఆలోచించి పెట్టుకున్నాడు. నాలుగు తిట్టి, నెత్తిన మొట్టి, పైకి పద, మీ అక్క తినకుండా కూర్చుంది అనాలనుకున్నాడు. మనిషి ఎంత మెత్తనివాడంటే, క్షమించడం కూడా ముందే వండి మూత పెట్టుకున్నాడు.

“బావా, నీ పేరు కూడా వేద్దామనే చూశాను” అన్నాడు చిన్నోడు. “కంపెనీవాళ్ళు ఒప్పుకోలేదు. ఒక్కడి పేరే ఉండాలన్నారు. రెండు పేర్లుంటే కొనేవాళ్ళు తికమక పడతారట.”

“ఊఁ.”

“నువ్వెలాగూ దాన్ని గదిలో పెట్టి తాళం వేసుకున్నావు. అక్కడుంటే తుప్పు పడుతుంది తప్ప ఎవరికి లాభం చెప్పు? ఇప్పుడు చూడు, ఎంతమంది కార్లకు ఎక్కిందో. నీ పనే కదా బావా బయట తిరుగుతున్నది. నువ్వు సంతోషించాలి.”

“ఊఁ.”

బావ అరవకపోవడం చూసి చిన్నోడికి ధైర్యం వచ్చింది. ముందు నీళ్ళు నమిలినవాడు, కుర్చీ లాక్కుని కూర్చుని ఫైలు తెరిచాడు. “ఎలాగూ తెలిసిపోయింది కాబట్టి అడుగుతున్నాను. ఒక చిన్న సాయం చేయాలి బావా. మా ఇంజనీరు నెలరోజులుగా ప్రాణం తీస్తున్నాడు. ఆ మూడో గొట్టంలో వంపు ఎందుకు పెట్టావు? దానివల్ల శబ్దమెలా మారుతుంది, బలమెలా పెరుగుతుంది, ఒక అరపేజీ రాసివ్వమంటున్నాడు. అప్పట్లో నువ్వు నాకు చెప్పలేదుగా.”

మేస్త్రి వాడి మొహంలోకి చూశాడు. వేళాకోళం లేదు. వాడికి నిజంగానే గుర్తులేదు.

తలకిందుల బ్రాకెట్ గుర్తులేదు. నేల మీద కూర్చుని నవ్విన నవ్వు గుర్తులేదు. ఆ నవ్వు కోసమే బంగారంలాంటి పనిలో ఒక తప్పును మేస్త్రి రెండేళ్ళుగా ముద్దుగా దాచుకున్నాడు. తనకు జన్మలో మిగిలిన నాలుగైదు మంచి రోజుల్లో అదొకటి. అలాంటి రోజు వాడికి ఆదివారాల్లో ఒక ఆదివారం కూడా కాలేదు. చట్రం ఎత్తుకుపోయినప్పుడు పోయింది ఇనుమే. ఇది మాత్రం గుండెలో దిగింది.

“నీకేమీ గుర్తులేదా?” అన్నాడు, చివరిసారిగా.

“ఏంటి బావా గుర్తుండేది? నువ్వేదో లెక్కలేసి వంచి ఉంటావు. నీ బుర్ర నాకెక్కడిది” అన్నాడు చిన్నోడు, పొగిడితే కరుగుతాడనుకుని.

అప్పుడే బయట ఎర్రకారు గురక పెడుతూ వచ్చి ఆగింది. డాక్టరమ్మ లోపలికి వస్తూనే, “తేల్చారా మేస్త్రి గారూ?” అంది.

“తేల్చానండీ. మూడోదే ఉంచుకోండి. మీ వాడకానికి దీన్ని మించింది లేదు. రేకు మంచిది, కొలతలు మంచివి.” మేస్త్రి ఆగాడు. చిన్నోడి మొహం విచ్చుకుంది. “కానీ మూడో గొట్టం అలాగే బిగించడం కుదరదు. ఆ వంపు తప్పు. పొగ అక్కడ రెండుసార్లు తట్టుకుంటుంది, వేడికి ముందు చిట్లేది అక్కడే. అంతమేరా కోసేసి తిన్నటి ముక్క వేసి అతికిస్తాను. రేపు సాయంత్రానికి కారు ఇస్తాను.”

“తప్పేంటి? సింహనాదపు వంపు అని రాశారుగా?”

“సింహం లేదు, నాదం లేదండీ. ఒకడు బ్రాకెట్ తలకిందులుగా బిగించాడు. దాన్ని తప్పించడానికి ఇంకొకడు గొట్టం వంచాడు. మీ కారులో బ్రాకెట్ సరిగ్గానే ఉంది. తప్పించుకోవాల్సింది ఏమీ లేదు.”

“ఇదంతా మీకెలా తెలుసు?”

“వంచింది నేనేనండీ” అన్నాడు మేస్త్రి. తన కారు హెడర్ని ముందుకు జరిపి, రెండు మూడో గొట్టాల మీదా వేలు పెట్టి చూపించాడు. “ఇది నేను కట్టింది. అది దీన్ని చూసి దింపింది. బాగున్నదంతా ఎవరి పేరు మీదైనా రాసుకోనివ్వండి. ఈ తప్పు మాత్రం ఇంకొకరు తమదంటే ఊరుకోను. ఇది నాది.”

డాక్టరమ్మ రెండు గొట్టాలనూ మార్చి మార్చి చూసింది. ఎవరూ చెప్పకుండానే ఆమె చూపు కుర్చీలో ఉన్న మనిషి మీదికి పోయింది. చిన్నోడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్ని నెలలుగా ఎన్ని వందల హెడర్లకు తన పాత పొరపాటు పెట్టి అమ్మించాడో అప్పుడే వాడికి తెలిసివస్తోంది.

“ఈయన ఆ ఫోటోలో ఆయన కదూ? మీ బంధువులా?” అంది డాక్టరమ్మ.

చిన్నోడు లేచి నిలబడ్డాడు. “అవునండీ, మా బా—”

“కంపెనీవారండీ” అన్నాడు మేస్త్రి. “వారి సరుకు ఎలా ఉందో కనుక్కోవడానికి వచ్చారు.”

డాక్టరమ్మ రోజుకు పదిమంది నొప్పి చూసే మనిషి, ఎక్కడ వేలు పెట్టకూడదో ఆమెకు తెలుసు. కారు తాళాలు బల్ల మీద పెట్టి, ఆటో పిలుచుకుని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళగానే చిన్నోడు బల్ల మీదికి వంగాడు. “ఏంటి బావా ఇది! ఆవిడకి అలా చెప్పేశావేంటి? ఆవిడ ఇంకో పదిమందికి చెబితే నా గతేంకాను? కనీసం ఇంకెవరికీ చెప్పనని మాటివ్వు. నీకు దణ్ణం పెడతాను.”

చేతులు జోడించాడు కూడా. ఆ మొహంలో భయం ఉంది, కంగారు ఉంది. మేస్త్రి వెతుకుతున్నది మాత్రం లేదు. ఇంకా ఎంతసేపు వెతికినా కనపడదని అతనికి తెలిసిపోయింది.

“మీరు నిలబడ్డారేంటి, కూర్చోండి” అన్నాడు మేస్త్రి.

చిన్నోడికి ముందు అర్థం కాలేదు. వెనక ఎవరైనా వచ్చారేమోనని తిరిగి చూశాడు. ఎవరూ లేరు. పై మెట్టు మీద అక్క నిలబడి ఉంది, అంతే. ఆమెకు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“బావా?”

“ఫైలు మరిచిపోతారేమో, తీసుకోండి. మీ ఇంజనీరుగారికి నేను చెప్పిందే చెప్పండి. కాగితం మీద రాసివ్వమంటే అది కూడా ఇస్తాను.”

“బావా, అలా పిలవకు బావా.” చిన్నోడి గొంతు ఒక్కసారిగా పన్నెండేళ్ళ గొంతైపోయింది. “తిట్టు. తన్ను. చెప్పు తీసుకుని కొట్టు, పడతాను. తప్పయిపోయింది. ఒక్కసారి ఒరే అను.”

పొద్దున్నుంచీ ఎదురుచూసిన మాట ఇప్పుడు వచ్చింది. వచ్చింది గానీ, అది దొంగతనానికి కాదు, పిలుపు పోయినందుకు. మేస్త్రికి ఒరే అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఇరవై రెండేళ్ళ అలవాటు, అంత తేలిగ్గా చావదు. మూలనున్న గుడ్డ తీసుకుని చేతుల మసి తుడుచుకున్నాడు, వేలు వేలూ తుడుచుకున్నాడు.

తర్వాత బల్ల చుట్టూ తిరిగి వచ్చి, కొత్తగా వచ్చినవాళ్ళను సాగనంపినట్టే షట్టరు దాకా నడిచాడు. చిన్నోడు ఏడుస్తూ వెనకే వచ్చాడు. గుమ్మం దగ్గర రోడ్డుకూ వర్క్‌షాపుకూ మధ్య ఒక విరిగిన మెట్టుంది. పన్నెండేళ్ళప్పటి నుంచీ చిన్నోడు చూడకుండా దూకిన మెట్టు అది, దానిమీద కూర్చునే బడి పాఠాలు చదువుకున్నాడు.

“ఇక్కడ మెట్టు విరిగి ఉందండీ” అన్నాడు మేస్త్రి. “చూసుకుని దిగండి.”